ఉంగరం లేని గేరు

మా పాత కారును తుక్కు లారీ ఎక్కించిన రోజు ఆదివారం. జూన్ మొదటి వారం, ఇంకా వాన పడలేదు. దేవరయాంజాల్‌లో మా ఇల్లున్న గల్లీ ఇరుకు. లారీ లోపలికి రాలేదు. నలుగురు కూలీలు కారును వెనక్కి తోసుకుంటూ మెయిన్ రోడ్డు దాకా తీసుకుపోయారు. నా భర్త జలీల్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఇంజను నడవకపోయినా స్టీరింగ్ ఒకరు పట్టుకోవాలి కదా అన్నాడు. మెడ వెనక్కి తిప్పి, ఒక చేత్తో స్టీరింగ్ ఆడిస్తూ, గోడలకు ఎక్కడా తగలకుండా బయటికి తీశాడు. మా గల్లీలోకి ముందుకు వస్తే వెనక్కే పోవాలి. తిప్పుకునే చోటు లేదు.

తిరిగి వచ్చి చేతులు కడుక్కున్నాడు. ఎడమ చేతిని నీళ్ల కింద పెట్టేటప్పుడు మాత్రం నెమ్మదిగా పెట్టాడు. ఆ చేతికే డయాలసిస్ సూదులు గుచ్చుతారు.

"పోయింది," అన్నాడు. "చాయ్ పెట్టు."

అది అమెరికా కంపెనీ కారు. జలీల్ పేట్ బషీరాబాద్‌లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పదహారేళ్లు పనిచేశాడు. కంపెనీ ఈ దేశంలో అమ్మకాలు ఆపి వెళ్లిపోయాక మేడ్చల్ రోడ్డు మీద రేకుల షెడ్డు వేసుకున్నాడు. ఆ కంపెనీ బండ్లు మాత్రమే బాగుచేసేవాడు. కరీంనగర్ నుంచి కూడా వచ్చేవాళ్లు. పోయిన జనవరిలో రెండు కిడ్నీలూ పనిచేయడం లేదని తెలిసింది. ఎడమ చేత్తో బరువు ఎత్తకూడదన్నారు. షెడ్డు మూసేశాడు. మార్చిలో మా కారు క్లచ్ పోయింది. పార్టు కోసం మూడు నెలలు వెతికించాడు, దొరకలేదు. ఒంట్లో బాగుండి ఉంటే లేతు మీద తానే చేయించి వేసేవాడు.

వారానికి మూడు రోజులు, మంగళ, గురు, శనివారాలు, మేడ్చల్‌లో డయాలసిస్. బక్కయ్య ఆటోలో పోయేవాళ్లం. పోయేటప్పుడు బాగానే ఉండేది. నాలుగు గంటలు మిషన్ మీద పడుకుని వచ్చేటప్పుడు మాత్రం ప్రతి గుంతకూ ఆయన కళ్లు మూసుకునేవాడు. అందుకే కొత్తది, చిన్న జపాన్ కారు బుక్ చేశాం. నా పేరు మీద. నేనే నడపాలన్నది ఆయన షరతు.

ఆ వానాకాలం మేము రెండు వరుసల్లో నిలబడ్డాం. ఒకటి కారు కోసం. రెండోది కిడ్నీ కోసం. కారు ఆరు వారాల్లో వస్తుందన్నారు. రెండో వరుసలో మేము ఎక్కడున్నామో ఎవరూ చెప్పలేదు.

*

రవీందర్ సార్ మా స్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాడు. శామీర్‌పేటలో మేమిద్దరం పదేళ్లుగా ఒకే బడిలో ఉన్నాం. నేను భౌతికశాస్త్రం. ఆదివారం వచ్చి జలీల్ మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. ఆయన దగ్గర పన్నెండేళ్లుగా జపాన్ కారే ఉంది. ఆ రోజు మేము బుక్ చేసిన బండి బొమ్మల పుస్తకం తెచ్చాడు.

"జలీల్ భాయ్, ఇగ ఒప్పుకో. జపానోడే గెలిచిండు."

"గెలిచిండో లేదో గానీ ఉన్నడు సార్. పోయినోని ముంగట ఉన్నోడు గెలిచినట్టే కనబడ్తడు."

"ఎందుకున్నడు మరి? వచ్చి మన గల్లీలు కొలుసుకున్నడు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అని అడుగుతరు వీళ్లు అని ఎరుక చేసుకున్నడు. మీ అమెరికోడేమో వాని రోడ్లకు చేసిన బండిని తెచ్చి మన నెత్తిన పెట్టిండు."

"డోర్ వేసి చూడు సార్. అమెరికా బండి డోర్ వేస్తే బీరువా వేసినట్టుంటది. మీ జపాన్‌ది బిస్కట్ డబ్బ మూత."

"బీరువలో కూసోని ఏడికి పోతవ్? పెట్రోల్ బంకు కాడికేనా?"

జలీల్ నవ్వాడు. నవ్వితే దగ్గు వచ్చింది. తగ్గేదాకా రవీందర్ సార్ పుస్తకంలో పేజీలు తిప్పాడు.

"ఒక్కటి మాత్రం నిజం," అన్నాడు జలీల్. "జపానోడు కిరాయికొచ్చినోని లెక్క ఒదిగి ఉంటడు. ఉండంగ ఉండంగ ఇంటోడైతడు. అమెరికోడు మంచి ఇల్లు కట్టిండు, సున్నమేసిండు, తాళమేసుకొని పోయిండు. తాళంచెవి గూడ ఇయ్యలే. లోపల మేమున్నమని సూడలే."

"యుద్ధంల ఓడిపోయిన దేశం అది," రవీందర్ సార్ పాఠం చెప్పే గొంతుతో అన్నాడు. "ఓడినోనికి ఇనుము తక్కువ, జాగ తక్కువ. తక్కువ దాంతోటి ఎక్కువ దూరం పోవుడు నేర్చుకున్నడు. గెలిచినోనికి ఆ అక్కర ఏముంది?"

వంటింట్లోంచి మా అత్త చాంద్‌బీ వచ్చింది. చేతిలో తడి గరిటె.

"జపానో గిపానో. ఏ దేశంది తెచ్చినా పోయేది మేడ్చల్ దవాఖానకే కదరా. జల్దీ తెప్పియ్యుండ్రి. నా కొడుకు ఆటోల నలుగుతుండు."

"వస్తది అమ్మీ," అన్నాడు జలీల్. తర్వాత రవీందర్ సార్‌ వైపు తిరిగి, "నాది గూడ అమెరికా బాడీయే సార్. రేకు గట్టిదే. పార్టే వస్తలేదు," అన్నాడు.

రవీందర్ సార్ పుస్తకం తెరిచి రంగుల పేర్లు ఒక్కొక్కటే పైకి చదివాడు.

*

నాకు కారు నడపడం కొంత వచ్చు. కొంతే. మా ఊరి బయట అమ్ముడుపోని ప్లాట్ల వెంచర్ ఒకటుంది. పాత కారు నడిచే రోజుల్లో అక్కడ నాకు నేర్పించాడు. రాళ్లు పాతిన ప్లాట్ల మధ్య గుండ్రంగా తిరిగేదాన్ని. గల్లీలోంచి కారు బయటికి తీసేది ఎప్పుడూ ఆయనే. రివర్స్ నా చేతికి ఇవ్వలేదు. అమెరికా బండికి గేరు రాడ్డు మెడ దగ్గర ఒక ఉంగరం ఉండేది. దాన్ని వేళ్లతో పైకి లాగి పట్టుకుంటేనే రివర్స్ పడేది. మిగతా గేర్లు వేసేటప్పుడు కూడా నా వేళ్లు ఆ ఉంగరం మీదే ఉండేవి.

"జపాన్ బండికి ఉంగరం ఉండది," అని చెప్పాడు ఒక గురువారం, మిషన్ మీద పడుకుని. "అయిదో గేరు కింద ఉంటది రివర్స్. నీ చెయ్యి పాతదానికి అలవాటైంది. మర్చిపోవాలె."

ఎడమ చేతికి గొట్టాలున్నాయి. కుడి చేతిని పిడికిలి చేసి మంచం అంచు మీద నిలబెట్టాడు.

"ఇటు రా. నా కుడి దిక్కు స్టూలు వేసుకో. డ్రైవర్ ఆడనే కదా కూసునేది. ఇది గేరు రాడ్డు. పట్టు."

నేను చుట్టూ చూశాను. హాల్లో ఎనిమిది మంచాలు. అందరూ మెలకువగానే ఉన్నారు.

"సిగ్గేంది టీచరమ్మా? పట్టు. క్లచ్ తొక్కు."

నేను ఎడమ కాలితో నేలను తొక్కి, ఎడమ చేత్తో ఆయన పిడికిలి పట్టుకున్నాను. ముందుకు, ఫస్ట్. కిందికి, సెకండ్. మధ్యకు వదిలి మళ్లీ ముందుకు, థర్డ్. తప్పు పోతే పిడికిలి బిగించి కదలనిచ్చేవాడు కాదు. గొంతుతో గేర్లు గీరుకున్న శబ్దం చేసేవాడు. పక్క మంచం మీద దుర్గాబాయి అనే పెద్దామె ఉండేది, మేడ్చల్‌లో కూరగాయలు అమ్మేది. ఆమె మొదటి రోజే పట్టేసింది.

"ఓ పిల్లా, బండి యాడికి పోతాంది? నన్ను గూడ మార్కెట్ కాడ దింపు."

"ఎక్కు అవ్వా," అన్నాడు జలీల్. "అయితే నీ మిషన్ నువ్వే ఎత్తుకోవాలె. డిక్కీ చిన్నది, జపాన్‌ది."

నర్సు కూడా నవ్వింది. ఆ తర్వాత ప్రతి షిఫ్టులోనూ ఒక అరగంట మాకు అదే పని. నేను ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం ఎన్నోసార్లు చెప్పాను. గేరు ఎప్పుడు మార్చాలో చెవికి తెలియాలని మాత్రం ఆ పిడికిలి దగ్గరే నేర్చుకున్నాను. ఆయన నోటితో ఇంజను మోత చేసేవాడు. అది పెరిగితే నేను గేరు మార్చాలి.

జూలైలో చేతులు వాచాయి. ఆయన కుడి చేతికి వెండి ఉంగరం, ఫీరోజా రాయిది, మా పెళ్లినాటిది. ఒక శనివారం పొద్దున అది వేలిని కోస్తోంది. సబ్బు రాసి, దారం చుట్టి, నేనే మెల్లగా లాగి తీశాను. అప్పుడు ఆయన పిడికిలి బిగించి నా ముందు పెట్టాడు.

"చూసినవా? ఉంగరం పోయింది. ఇగ నేను గూడ జపాన్ బండినే."

ఆ రోజు అయిదో గేరు దాకా ఒక్క తప్పూ లేకుండా వేశాను. రివర్స్ కూడా చెప్పమన్నాను.

"అది పిడికిలి మీద వచ్చేది గాదు," అన్నాడు. "మెడ తిప్పాలె, అద్దంల చూడాలె, గోడ ఏడుందో కన్నుకు తెల్వాలె. బండి రానియ్యి. మన గల్లీలనే చెప్త."

*

ఆగస్టు మొదట్లో ఒక సోమవారం మధ్యాహ్నం, బడిలో అన్నం గంట కొట్టాక, షోరూం నుంచి ఫోన్ వచ్చింది. అశ్రిత అనే అమ్మాయి. బండి వచ్చింది, రేపు గానీ ఎల్లుండి గానీ వచ్చి తీసుకుపొమ్మంది. నేను టిఫిన్ డబ్బా మూత తీయకుండానే రవీందర్ సార్‌కు చెప్పాను.

"ఆషాఢం పోయింది, శ్రావణం వచ్చింది. మంచిగైంది మేడం," అన్నాడు. "రేపు నేను గూడ లీవ్ పెడ్త."

సాయంత్రం ఇంటికి పోయేసరికి అత్త వాకిట్లో నిలబడి పడమటి వైపు చూస్తోంది. మబ్బుల సందులో నెలవంక కనబడిందని పక్కింటివాళ్లు చెప్పారట. సఫర్ నెల మొదలైంది. మా వాళ్లకు ఆ నెలలో మొదటి పదమూడు రోజులు తేరా తేజీ. ఆ రోజుల్లో పెళ్లి చూపులు ఉండవు, కొత్త బట్ట కట్టరు, కొత్త వస్తువు గడప దాటనివ్వరు. పదమూడో రోజు రాత్రి తలగడల కింద కోడిగుడ్లు, మినుములు పెట్టి, తెల్లారి బీదవాళ్లకు ఇచ్చేస్తే కీడు పోతుందంటారు.

"రేపు డయాలసిస్‌కు పోకముందే బండి తెస్తం అమ్మీ," అన్నాను.

"రేపా? రేపటి సంది తేరా తేజీ బేటీ. ఇన్ని రోజులు ఆగినం. పదమూడు రోజులు ఆగలేమా? మీ మామ తేరా తేజీల ఎడ్లు తెచ్చిండు, వద్దంటే వినలే. వారం తిరగకముందే ఒకటి సచ్చింది."

"ఆ ఎద్దు ముసల్దే అమ్మీ," అన్నాడు జలీల్ మంచం మీద నుంచి. "అంగట్లనే సచ్చేటట్టుండె."

"నవ్వు. నువ్వు నవ్వు. నా కొడుకు ఇట్ల పండుకొని ఉంటే ఇంక నేను ఏ ధైర్యంతో..." అని ఆమె లోపలికి పోయింది.

జలీల్ నా వైపు చూశాడు. ఆ రోజు ఆయన ముఖం బాగానే ఉంది. సాయంత్రం రొట్టె కూడా తిన్నాడు.

"నువ్వేమంటవ్, టీచరమ్మా?"

నేను ఏటా పిల్లలకు మూఢనమ్మకాల మీద వ్యాసం రాయిస్తాను. బాగా రాసినవాళ్లకు పెన్ను ఇస్తాను. అత్త మాటకు ఎదురు చెప్పలేక ఒప్పుకున్నానని తర్వాత కొందరితో అన్నాను. అది నిజం కాదు. నాకే భయం వేసింది. ఆయన విషయంలో దేనికైనా భయపడే స్థితిలో ఉన్నాను.

"పదమూడు రోజులే కదా," అన్నాను.

"సరే," అన్నాడు. తల గోడకు ఆనించుకున్నాడు. "పదమూడు రోజులే."

మర్నాడు అశ్రితకు ఫోన్ చేసి చెప్పాను. ఆమెకు ఇది కొత్త కాదు. "ఆషాఢంల ఎవ్వరూ తీస్కపోలే మేడం, యార్డు నిండ ఉన్నయి. మీ బండి గూడ ఉంటది, ఏం పరేషాన్ లేదు," అంది.

బడిలో రవీందర్ సార్‌కు చెబితే, "మాకు ఆషాఢం, మీకు తేరా తేజీ. నెల పేరు మారింది గంతే," అని నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి, చాక్‌పీసులు తీసుకుని క్లాసుకు పోయాడు.

*

పదో రోజు గురువారం. మా షిఫ్టు మధ్యాహ్నం రెండు గంటలకు. పన్నెండున్నరకు వాన మొదలైంది. ఒంటిగంటకు బక్కయ్య ఆటో గల్లీ చివర ఆగింది. జలీల్‌ను గొడుగు కింద నడిపించుకుంటూ పోయాను. మంగళవారం కన్నా బరువెక్కాడు. వాపుకు కాళ్లు చెప్పుల్లో పట్టడం లేదు.

మేడ్చల్ పోయే దారిలో అండర్‌పాస్ ఉంది. దాని కింద నీళ్లు నిలిచాయి. ఒక లారీ మాత్రం నీళ్లను చీల్చుకుంటూ పోయింది. ఆటోలు, మోటారు సైకిళ్లు ఈవలే ఆగిపోయాయి. బక్కయ్య దిగి, ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని, నాలుగడుగులు లోపలికి పోయి వచ్చాడు.

"నడుముబంటి ఉన్నయి మేడం. ఇంజన్ల నీళ్లు పోతే నడిమిట్ల ఆగుతం. సార్‌ను పెట్టుకొని నేను నీళ్లల్ల దిగను."

చుట్టు తిరిగి పోదామంటే ఆ దారిలోనూ చెట్టు పడిందన్నారు. గంటన్నర అక్కడే ఉన్నాం. సెంటర్‌కు ఫోన్ చేస్తే, రేపు పొద్దున మొదటి షిఫ్టులో తీసుకుంటామన్నారు. ఆటో రేకు మీద వాన మోతకు మాట వినబడటం లేదు. జలీల్ నా చెవి దగ్గరికి వంగాడు.

"జపాన్ బండి గూడ దీంట్ల ఆగిపోతుండె. చిన్నది కదా. మా అమెరికాదైతే దాటుతుండె."

ఎన్నో ఏళ్లుగా కార్లు విప్పి చూసిన మనిషి. ఆ నీళ్లలో ఏ బండి ఆగుతుందో, ఏది దాటుతుందో ఆయనకు తెలిసి ఉండాలి. ఆ మాట నిజమో, నా కోసమే అన్నాడో నేను అడగలేదు.

వెనక్కి తిరిగి వచ్చాం. తెల్లవారేసరికి ఊపిరి అందడం లేదు. దిండ్లు ఆనించి కూర్చోబెట్టాం. అంబులెన్స్ వచ్చింది. వాన వెలిసింది, అండర్‌పాస్ కింద నీళ్లు మోకాలి లోతుకు తగ్గాయి. అంబులెన్స్ దాటింది. నేను ఆయన కుడి చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. మేడ్చల్ ఇంకా రాకముందే పిడికిలి బిగించి ఉన్న ఆ చెయ్యి విడిపోయింది. అప్పుడు ఎనిమిది కావస్తోంది.

శుక్రవారం కాబట్టి జుమ్మా నమాజు తర్వాత ఆయన జనాజా, మా వాళ్ల పాడె, కదిలింది. జుమ్మా నాడు పోవడం అదృష్టమని వచ్చినవాళ్లంతా అత్తకు చెప్పారు. ఆమె తల ఊపింది. వానకు గల్లీ అంతా బురద. జనాజాను మోసేవాళ్లు ఆ బురదలో గోడ పక్కగా జాగ్రత్తగా నడిచారు.

ఆదివారం జియారత్, సమాధి దగ్గరికి పోయి ప్రార్థన చేసే మూడో రోజు. అదే పదమూడో రోజు కూడా. రాత్రి అందరూ పోయాక అత్త అలవాటు తప్పకుండా తలగడల కింద గుడ్లు, మినుముల పొట్లాలు పెట్టింది. నా తలగడ కింద ఒకటి. తన తలగడ కింద ఒకటి. పొద్దున పక్కలు ఎత్తుతుంటే జలీల్ తలగడ కింద కూడా ఒకటి కనబడింది. నేను దాన్ని మిగతా రెంటితో కలిపి పళ్లెంలో పెట్టాను. గడప దగ్గరికి అడుక్కోవడానికి వచ్చిన సాలమ్మకు అత్త మూడూ ఇచ్చింది. ఏ ఒక్కటీ వేరుచేయలేదు.

పదిన్నరకు ఫోన్ మోగింది.

"మేడం, అశ్రితను. మీ పదమూడు దినాలు అయిపోయినయి కదా. బండి రెడీ ఉంది. సార్ గూడ వస్తరా? ఫోటో తీస్తం."

"ఉత్తరం రాసి పంపిస్తాను," అన్నాను. "వేరే ఒకాయన వస్తారు. ఫోటో వద్దు."

*

బండి రవీందర్ సార్ తెచ్చాడు. రిబ్బన్లు కట్టనివ్వలేదు, కొబ్బరికాయ కొట్టనివ్వలేదు. గల్లీలోకి ముందుకు తెచ్చి మా గోడకు ఆనించి ఆపాడు. తలుపు వేసినప్పుడు లోపల గదిలో ఉన్న నాకు శబ్దం వినబడింది. బిస్కట్ డబ్బా మూతే.

భర్త పోయిన ఆడవాళ్లు పాటించే ఇద్దత్‌లో నాలుగు నెలల పది రోజులు నేను గడప దాటలేదు. రవీందర్ సార్ ఆదివారాలు వచ్చి, బ్యాటరీ చచ్చిపోకుండా కాసేపు ఇంజను ఆన్ చేసి పోయేవాడు. కారు శబ్దం వినబడితే అత్త వంటింట్లో నల్లా గట్టిగా తిప్పేది. ఆ బండి గురించి అత్తా నేనూ ఇప్పటిదాకా ఒక్క మాట అనుకోలేదు. పదమూడు రోజుల గురించి కూడా.

డిసెంబరు చివర మళ్లీ బడికి పోవడం మొదలుపెట్టాను. బక్కయ్య ఆటోలోనే. సాయంత్రం రవీందర్ సార్ గేటు దగ్గర ఆగి అడిగాడు.

"మేడం, ఆదివారం ఒక గంట టైం ఇయ్యుండ్రి. రివర్స్ ఒక్కటే కదా, నేను చెప్త. పెద్ద పనేం కాదు."

"చూద్దాం సార్," అన్నాను. ఆయన ఇంకో రెండుసార్లు అడిగాడు. ఆ తర్వాత అడగలేదు.

పోయిన వారం ఒక రోజు బడి నుంచి వచ్చి కారు తలుపు తీసి లోపల కూర్చున్నాను. సీట్ల ప్లాస్టిక్ కవర్లు తీయలేదు. క్లచ్ తొక్కి గేర్లు వేసి చూశాను. ఫస్ట్, సెకండ్, థర్డ్, ఫోర్త్, ఫిఫ్త్. అన్నీ తేలిగ్గానే పడ్డాయి. ఈ రాడ్డు ఎక్కడా బిగుసుకోదు. తప్పు వేసినా అడ్డుకోదు. అయిదో గేరు దగ్గర నా వేళ్లు వాటంతటవే రాడ్డు మెడ దగ్గరికి పోయి, అక్కడ లేని ఉంగరం కోసం తడిమాయి.

ఎదురుగా మా గోడ ఉంది. వెనక గల్లీ ఉంది. బండి ఆగస్టులో ఆపిన చోటే ఉంది. రివర్స్ నేర్చుకోవడం ఇంకా కాలేదు.